మైనం పూసిన బెజ్జం

బల్ల మీద ప్రశ్నపత్రం ఉంది, దాని పక్కన జవాబుల కాగితం ఉంది, ఊరు ఊరంతా నోరు మూసుకుని ఉంది. రోజూ ఈపాటికి జంటలు జంటలుగా ఇళ్ళ కప్పులు గీరుకుంటూ పోయే మిలిటరీ విమానాలు ఇవాళ కొండ వెనక నేల దిగి కూర్చున్నాయి. సంతలో చేపలమ్మే మైకు ఆగిపోయింది, లారీలు హారన్ మింగేసి పోతున్నాయి, బడి పక్క సందులో కుక్కల్ని కూడా ఎవరో దూరంగా తోలుకుపోయారు. కాలేజీ ప్రవేశపరీక్షలో ఇంగ్లీషు వినే భాగం మొదలవుతోంది, దేశంలో ఏ పిల్ల చెవిలోనూ దోమ కూడా దూరకూడదు. అన్నీ ఆపారు గానీ ఓక్ బోరమ్ ఎడమచెవిలో ఈలని ఆపేవాడు ఎవడూ లేడు. నాన్న కార్ఖానాలో రంపం పాత మేకుకి తగిలితే కీచుమంటుందే, ఆ కీచు. ఏప్రిల్ నించీ అదే మేకు, అదే రంపం. తెగదు, ఆగదు. మాటలన్నీ ఇక కుడిచెవిలోంచే రావాలి. ఈ గదిలో మైకు నల్లబల్లకి ఎడమ మూల బిగించి ఉంది, ఆమెకి ఇచ్చిన బల్ల కుడివైపు కిటికీ పక్కన ఉంది. కుడిచెవి మైకుకేసి పెట్టాలంటే మొహం బాగా ఎడమకి తిప్పాలి, ఎడమకి తిప్పితే పక్క అమ్మాయి కాగితం కళ్ళ ముందుంటుంది. కాపీ కొడుతోందనుకుంటారు. అనుకోనీ. పక్క అమ్మాయి గులాబీరంగు స్వెట్టరు మోచేతి దగ్గర పోగులు లేచి ఉంది, దాని మీదే చూపు పాతేసి మెడ తిప్పింది. మైకులో సంగీతం వచ్చింది. చిన్నపిల్లల పుట్టినరోజుకి వేసే పాటలా ఉంది. దీన్ని విని చచ్చేవాళ్ళున్నారని ఈ పాట కట్టినవాడికి తెలుసో లేదో.

మొదటి ప్రశ్న. మగగొంతు ఏదో టోపీ పోయిందంటోంది, ఆడగొంతు ఎలా ఉంటుందని అడుగుతోంది. చారలున్నాయి, పైన బంతి ఉంది. బొమ్మల్లో మూడోది. ఇంత తేలిక. ఇంత తేలికగా వినపడేలా చేసింది మాత్రం ఇంగ్లీషు చెప్పే తాక్ మాస్టారే, అందులో అబద్ధం లేదు. సమ్మెట అని పేరు ఆయనకి, బడంతా అదే పేరు, ఆయనకీ తెలుసు, విని మురిసిపోయేవాడు కూడా. తన జీతంలోంచి టేపు రికార్డరు కొన్నాడు. రాత్రి చదువుల గంటలో మైదానం చుట్టూ పరిగెత్తించి, రొప్పుతుండగా టేపు వేసి, ఏం విన్నారో చెప్పమనేవాడు. "పట్నం పిల్లలకి చెవికో ట్యూషను మాస్టారుంటాడ్రా. మీ అమ్మానాన్నలకి ఏముంది, ముల్లంగి మడి ఉంది. ముల్లంగి ఇంగ్లీషు మాట్లాడుద్దేంట్రా? అందుకని నేనున్నా." కడుపులో పుండు, ముందు గంజి తాగి తర్వాత మాత్ర మింగి, బడి స్టోరు గదిలో మడత మంచం వేసుకుని పడుకునేవాడు. ఆయన చేతిలో పడితే మన పిల్లలూ పట్నం పిల్లలే అని తల్లులు చెప్పుకునేవాళ్ళు. గుడ్డిగా వినే ఈ జిల్లా బడి పిల్లల చెవుల్ని ఒక్కొక్కదాన్నే పట్టుకుని తోమాడు. ఆమె చెవిని తయారు చేసిందీ ఆయనే, పగలగొట్టిందీ ఆయనే. ఇప్పుడు ఏ భాగాన్ని తలుచుకుని దండం పెట్టాలి, ఏ భాగాన్ని తలుచుకుని ఉమ్మాలి. రెండో ప్రశ్న. ఆడగొంతు బాధగా ఉంది, ఎందుకు బాధగా ఉంది. కుక్కపిల్ల జబ్బు పడింది. రెండు.

పొద్దున ఇంకా చీకటి వదలకముందే బడి గేటు దగ్గర చిన్న తరగతుల పిల్లలు డప్పులు వాయించారు, వరసగా నేల మీద మోకరిల్లి నుదురు సిమెంటుకి ఆనించి దండాలు పెట్టారు, బలికి పోయే ఎడ్లకి కూడా అంత మర్యాద జరగదు. అమ్మ సంచిలోంచి జీడిమిఠాయి ముద్ద తీసి నోట్లో మెత్తబరిచి గేటు ఊచకి అంటించింది. అంటుకుంటే సీటు అంటుకుంటుంది. నాచు జారుడుది, తింటే సీటు జారిపోతుందని వారం రోజుల నించి ఇంట్లో సముద్రపు నాచు పులుసు వండలేదు. "అంటుకుంది, చూడవే, లాగినా రావట్లా," అంది అమ్మ, వేలికి జీడి సాగుతుంటే. నాన్న ఎప్పుడూ రోడ్డు వైపు నడుస్తాడు, పిల్లని గోడ వైపు ఉంచుతాడు, చిన్నప్పటి నించీ అంతే. ఇవాళ మాత్రం గోడకీ ఆమెకీ మధ్య మురుగుకాలవ అంచు మీద నడిచాడు, చెప్పు సగం కాలవలోకి వేలాడుతూ. బురద ఉంది కదా అటు అనుకుంది. బురద రోడ్డు మీద కూడా ఉంది. ఏదో, నాన్న తీరే అంత. గేటు పక్కన తాక్ మాస్టారు కొత్త చలికోటు వేసుకుని, చంకలో ఆ కర్ర పెట్టుకుని నించున్నాడు. ఆ కర్ర. లోపలికి పోయే ప్రతి పిల్ల ముందుకీ చాచాడు. "ముట్టుకుని పో. ఏడాదంతా మిమ్మల్ని మోసింది ఇదే." పిల్లలు నవ్వుతూ ముట్టుకున్నారు, మాన్‌సిక్ అయితే ముద్దు పెట్టాడు. బోరమ్ ముట్టుకుంది. చలికి ఇనుములా ఉంది. నాన్న చిత్రిక పట్టిన నునుపు వేళ్ళకి తెలిసింది. నాన్న వెనక ఉన్నాడు, ఆయన మొహం చూడలేదు.

మూడు అయిపోయింది, నాలుగు నడుస్తోంది, మగగొంతు క్షమించమంటోంది. పుస్తకం తిరిగివ్వడం ఆలస్యమైందిట. ఈ టేపుల్లో మనుషులు ఎంత తేలిగ్గా క్షమించమంటారో. పుస్తకం ఆలస్యమైతే, గొడుగు మర్చిపోతే, కాలు తొక్కితే, అయ్యో క్షమించు, ఫర్వాలేదు, అయిపోయింది. ఈ భాషలో చెవి పగిలితే ఏమంటారో ఒక్క టేపులోనూ రాలేదు. తాక్ మాస్టారు చెవి పగిలిన రాత్రే వచ్చాడు ఇంటికి, బేరిపళ్ళ పెట్టె పట్టుకుని. అప్పటికి చెవిలో దూది ఉంది, దూదికి ఎరుపు ఉంది. అమ్మ చేతులు పిసుక్కుంటూ, "పిల్ల తలబిరుసుది మాస్టారూ, మీకు చెయ్యి నెప్పెట్టిందేమో," అంది. నాన్న నడుం వంచి దండం పెట్టాడు. "మనిషిని చెయ్యండి మాస్టారూ. మేం చెయ్యలేని పని మీరు చేస్తున్నారు." వంగిన నాన్న వీపు మీద రంపపు పొట్టు ఉంది. ఆ వీపు మీద ఎక్కి దూకి తాక్ మాస్టారి గొంతు కొరకాలనిపించింది, పళ్ళు దిగేదాకా, కోటు కాలరు ఎర్రబడేదాకా. బదులుగా బేరిపండు చెక్కు తీసి పళ్ళెంలో పెట్టింది. చాకు పదునుగా ఉంది, తొక్క తెగకుండా ఒక్కటే పొడుగు చుట్టగా వచ్చింది, ఆయన మెచ్చుకున్నాడు. "పనిమంతురాలు." జవాబు నాలుగు.

ఐదు. దెబ్బకి ముందు కర్ర ఉంది. కర్రకి ముందు నాన్న ఉన్నాడు. మార్చిలో బడి తెరిచిన వారంలో తల్లిదండ్రుల సంఘం మాస్టార్లకి బెత్తాలు బహూకరిస్తుంది, ప్రతి ఏడూ జరిగేదే, ఎర్ర రిబ్బను కట్టి, ప్రేమ బెత్తం అని కుంచెతో రాయించి, రెండు చేతులతో అందిస్తారు, మాస్టారు రెండు చేతులతో పుచ్చుకుంటాడు, ఫొటో దిగుతారు. మా పిల్లల్ని కొట్టి బాగు చెయ్యండి అని. సంఘం పెద్ద, బియ్యం మిల్లు ఓనరమ్మ, నాన్న కార్ఖానాకి వచ్చింది. "గొడ్డళ్ళకీ పారలకీ పిడులు చేస్తావు కదా ఓక్, బెత్తం చెయ్యలేవా. గట్టిది చూసి చెయ్యి, నీ కూతురు తరగతికే." ఆ సాయంత్రం బోరమ్ కార్ఖానాలో పొట్టు ఊడుస్తోంది. నాన్న కర్రని బల్లకున్న ఇనప దవడల్లో బిగించాడు, పిడి దగ్గర సన్న బర్మా పెట్టి బెజ్జం వేశాడు, అడ్డంగా, సగం పైదాకా. ఊది, మైనంలో పొట్టు కలిపి కూరి, గోటితో నునుపు చేశాడు. మీద ఎర్ర గుడ్డ చుట్టాడు. అప్పుడు చూశాడు కూతురు చూస్తోందని. "గట్టిగా నాలుగు పడితే విరుగుద్ది," అన్నాడు, దొంగతనం చేసిన కుర్రాడిలా. "కొత్తది చెయ్యమంటారు. నాకు నడుంనెప్పి. నెల పడుద్ది. ఆ నెలంతా మీ తొడలకి సెలవు." ఇద్దరూ నవ్వుకున్నారు. అంత నవ్వు నాన్నతో కలిసి ఎప్పుడు నవ్విందో గుర్తులేదు. అమ్మకి కూడా చెప్పలేదు. ఆడగొంతు రైలు స్టేషనుకి దారి అడుగుతోంది. ఎడమకి తిరగాలి. ఎడమకి, ఎప్పుడూ ఎడమకే. ఐదుకి రెండు.

ఆరు, ఏడు, వేళ్ళ చివర పెన్ను తడిగా జారుతోంది. ఏప్రిల్‌లో ఆ రోజు మాన్‌సిక్ కుర్చీ మీద మోకాళ్ళేసి నిలబడ్డాడు, గోడ పట్టుకుని. మొదటి నమూనా పరీక్ష మార్కులొచ్చాయి, కొత్త కర్రకి అదే మొదటి పని. తప్పుకొక దెబ్బ, అది లెక్క. రాయకుండా వదిలేస్తే రెండు. మాన్‌సిక్ వినే భాగంలోనే తొమ్మిది పోగొట్టాడు. వాడి నాన్నవి పండ్లతోటలు, నిచ్చెనలెక్కీ దిగీ వాడి తొడలు దూలాలు. దెబ్బ పడినప్పుడల్లా ప్యాంటులోంచి దుమ్ము లేస్తోంది. ఒకటి. రెండు. వాడే లెక్కపెట్టాలి, లెక్క తప్పితే మొదటికి. మూడు. నాలుగో దానికి కర్ర పిడి దగ్గర ఫటేల్‌మంది, ముక్క ఎగిరి కిటికీ అద్దానికి తగిలి కింద పడింది. తాక్ మాస్టారు చేతిలో ఎర్ర గుడ్డ చుట్టిన పిడి మిగిలింది. ఆయనే ముందు నవ్వాడు. "ఏంట్రా నీ తొడలు, మీ అమ్మ నిన్ను కన్నదా పోత పోయించిందా." తరగతంతా నవ్వింది, మాన్‌సిక్ కూడా గోడకేసి నవ్వాడు. నవ్వు ఆగింది. బోరమ్‌ది ఆగలేదు. నాలుగు పడితే విరుగుద్ది. సరిగ్గా నాలుగు. నాన్న మైనం, నాన్న గోరు, నాన్న నడుంనెప్పి, కడుపులోంచి పొంగుకొస్తోంది నవ్వు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటే వేళ్ళ సందుల్లోంచి కారుతోంది. ఆ రోజు ఆమెకి వినే భాగంలో ఒక్కటి కూడా పోలేదు, ఒక్క దెబ్బ కూడా బాకీ లేదు. "మీ నాన్న చేసిన కర్రేగా, ఓక్ బోరమ్. అంత నవ్వొస్తోందా?" చేతిలో కర్ర ఉంటే తొడ మీద పడేది. కర్ర లేదు. చెయ్యి ఉంది. అరచెయ్యి బల్లపరుపుగా, చెవినీ దవడనీ కలిపి. లోపల సముద్రం తలుపు తన్నుకుని వచ్చినట్టయింది. తర్వాత ఎవరో రంపం పట్టుకుని మేకుని కోయడం మొదలుపెట్టారు.

ఎనిమిది. వినపడుతోంది. ఆడగొంతు పళ్ళ డాక్టరు దగ్గరికి పోతానంటోంది. డాక్టరు, పొర చిరిగింది, అతుక్కుంటుంది అన్నాడు. అతుక్కుంది. వినికిడి మాత్రం రాలేదు. జూన్‌లో ఒంటరిగా బస్సెక్కి పోతే, లోపలి నరం పోయిందమ్మా అన్నాడు. నీలాంటివాళ్ళకి పరీక్షలో వేరే గది ఇస్తారు, మైకు బదులు కాగితం మీద రాసి ఇస్తారు, సర్టిఫికెట్టు రాసిస్తాను, మీ నాన్నతో ముద్ర వేయించుకురా అన్నాడు. నాన్నతో. చెవి ఎందుకు పోయిందో రాసి, నాన్నతో ముద్ర. అప్పటికి నాన్న ఏం చేశాడు. కిటికీ కింద పడ్డ విరిగిన ముక్కని ఆమె ఏరి పుస్తకాల సంచిలో వేసుకుంది, దాన్ని తీసి చూశాడు ఆ రాత్రి, బేరిపళ్ళు తిని మాస్టారు పోయాక. విరిగిన చోట మైనం మెరుస్తోంది. చాలాసేపు చూశాడు. మర్నాడు పొద్దునే లేచి, నడుంనెప్పి లేదు, నెల పట్టలేదు, గొడ్డలి పిడికి దాచుకున్న కర్రని తీశాడు, కొండ మీద రాళ్ళలో పెరిగే ముదురు కర్ర, ఎద్దు తొక్కినా విరగదు. మధ్యాహ్నానికల్లా పట్టుకెళ్ళి తాక్ మాస్టారికి రెండు చేతులతో ఇచ్చి వచ్చాడు. "ఇది విరగదు మాస్టారూ. చెయ్యి వాడకండి." అంతే అన్నాడట. చెయ్యి కన్నా కర్ర నయమని. పిల్లలందరి తొడలూ ఇచ్చి చెవులు కొనుక్కొచ్చాడు. ఆ కర్ర నిజంగానే విరగలేదు. మాన్‌సిక్ ఇప్పుడు కూర్చునేటప్పుడు చేతుల మీద ఆనుకుని దిగుతాడు. నాన్నకి ఎలా చెప్పడం, చెవి రాలేదని. వినపడుతోంది నాన్నా, బాగా వినపడుతోంది, గడియారం టిక్కుటిక్కు కూడా. డాక్టరు కాగితం బస్సు కిటికీలోంచి వదిలేసింది. ఈ గదిలో, ఈ బల్ల దగ్గర, ఈ మెడ నెప్పితో కూర్చున్నది అందుకే. చెవి పోయిందని నాన్నకి తెలిస్తే నాన్న ఆ బర్మాని తన చేతిలోకే దింపుకుంటాడు.

తొమ్మిది. పది. ఎడమ ఈల పెరుగుతోంది, వేడెక్కిన ఇనుములా. తాక్ మాస్టారి చేతిని ఆ ఇనప దవడల్లో పెట్టాలి, ఆ కుడి చేతిని, బొటనవేలు బయటికి ఉండేలా. పిడి ఒక చుట్టు తిప్పాలి. ఒకటి. లెక్క నువ్వే పెట్టు మాస్టారూ, తప్పితే మొదటికి. ఇంకో చుట్టు. గోళ్ళు నీలంగా, తర్వాత నల్లగా. ప్రతి రాత్రీ పడుకునేముందు ఈ పని చేస్తుంది, చేశాకే నిద్ర పడుతుంది. ఏప్రిల్ నించి ఆ చేతిని ఎన్నిసార్లు నుగ్గు చేసిందో, పొద్దునకల్లా మళ్ళీ మొలుచుకొచ్చి నల్లబల్ల మీద రాస్తూ ఉంటుంది. నిజంగా కొట్టగలిగే దెబ్బ ఒక్కటే ఉంది. ఈ కాగితం. జిల్లా సర్కారు బళ్ళలో ఇంగ్లీషుకి ఆమెదే పై మార్కు, ఆమె మీదే ఆయన ఆశ. బస్టాండు దగ్గర కట్టే బ్యానరు మీద ఆమె పేరు, కింద ఆయన పేరు. వినే ప్రశ్నలన్నిటికీ ఒకటే గడి నింపేస్తే బ్యానరు లేదు, సమ్మెట లేదు. ప్రతి తప్పూ ఒక దెబ్బ. కొట్టు. పెన్ను మొన గడి మీదికి వెళ్ళింది. పదకొండుకి మూడు అని వినపడింది, ఒకటి పెడదామని మొన ఒకటి మీద ఆగింది. పెడితే? ఆయన ఏమనుకుంటాడు? చాల్లేదు అనుకుంటాడు. ఈ ఏడు మెత్తగా కొట్టాను, వచ్చే ఏడు గట్టిగా కొట్టాలి అనుకుంటాడు. పొద్దున సిమెంటు మీద నుదురు ఆనించిన ఆ చిన్నపిల్లల తొడలు. పోనీ అన్నీ సరిగ్గా పెడితే? చూశారా, కర్ర పని చేసింది అంటాడు, బ్యానరు కడతాడు, మిల్లు ఓనరమ్మ ఇంకో పది కర్రలు చేయిస్తుంది, నాన్న చేతే. మార్కు పెరిగితే కర్ర గెలుస్తుంది, తగ్గితే కర్ర చాల్లేదు. ఎటు రాసినా దెబ్బ వాళ్ళకే పడుతుంది. ఎవడు కట్టాడు ఈ బోను, ఎంత నున్నగా చిత్రిక పట్టాడు, ఎక్కడా బెజ్జం లేదు. కోపానికి కళ్ళు మసకబారాయి. పెన్నుని గులాబీ స్వెట్టరులో దింపాలనిపించింది, కిటికీలోంచి బల్లని తోసేయాలనిపించింది, ఈ దేశం మూసుకున్న నోరుని ఒక్క కేకతో చింపాలనిపించింది. మూడు పెట్టింది. వినపడింది మూడు. వినపడినదాన్ని వినపడలేదని అబద్ధమాడడం ఆ చెవికి, ఉన్న ఆ ఒక్క చెవికి, చేతకాలేదు.

పన్నెండు. మగగొంతు, నిన్న రాత్రి, అంది. అప్పుడే ఎడమ పక్కన నీడ. అడుగుల చప్పుడు లేదు, ఉన్నా వినపడదు, ఇన్విజిలేటరు అడుగు చప్పుడు కాకూడదని బూట్ల మీద ఉన్ని మేజోళ్ళు తొడుక్కుంది. పొద్దున చూసింది ఆవిడని, ఏ బడిలోనో చెప్పే నడివయసు టీచరు, నెరిసిన పాపిడి. ఆ పిల్ల మొహం ఇంతసేపూ పక్క కాగితం మీదే ఉందని వచ్చి ఉంటుంది. నెమ్మదిగా, ముందుకి తిప్పుదామని గడ్డం మీదికి చెయ్యి చాచింది. బోరమ్‌కి కనపడింది చెయ్యి. చెవి పక్కగా పైకి లేచిన అరచెయ్యి. ఆ తర్వాత చేసింది ఆమె కాదు, ఆమె ఒళ్ళు. ఎడమ మోచెయ్యి తలకి అడ్డంగా లేచింది, లేస్తూ లేస్తూ ఆవిడ నోటి మీద బలంగా తగిలింది. ఎముకకి పన్ను తగిలిన సంగతి తెలిసింది. ఆవిడ పై పెదవి చీలింది. రక్తం గడ్డం మీదికి జారి చుక్కగా నిలిచింది. టీచరు కేక వెయ్యలేదు. చిన్న మూలుగు కూడా లేదు. వినే పరీక్ష. గదిలో ఇంకెవరి చెవిలోనూ ఏమీ పడకూడదని, రక్తాన్ని నాలుకతో లోపలికి లాక్కుని మింగేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, మింగింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మోచెయ్యి ఇంకా తల మీదే ఉంది, దించడం చేతకావట్లేదు. ఆవిడ ఆ మోచేతిని చూసింది, దాని కింద దాచుకున్న చెవిని చూసింది, మైకు ఏ మూల ఉందో చూసింది, పిల్ల మెడ ఎటు తిరిగి ఉందో చూసింది. అన్నేళ్ళు తరగతిలో నిలబడ్డ మనిషికి ఒక చెయ్యి అలా ఎందుకు లేస్తుందో ఎవరూ చెప్పక్కర్లేదు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది, ఒకదానితో ఒకటి పట్టుకుంది. రెండడుగులు వెనక్కి వేసింది. నెమ్మదిగా తల ఊపింది, విను, విను, అన్నట్టు. పన్నెండు అయిపోయింది. ఆ మగగొంతుకి నిన్న రాత్రి ఏం జరిగిందో ఆమెకి ఎప్పటికీ తెలియదు.

పదమూడు, పద్నాలుగు, మిగతావన్నీ వచ్చాయి. మెడ నరాలు తాళ్ళలా బిగిసిపోయినా తిప్పి ఉంచింది, ఇక ఎవరూ అడ్డురాలేదు. చివరి ప్రశ్న అయ్యాక మైకు గరగరమని ఆగింది. పన్నెండు ఖాళీగా ఉంది. ఏదో ఒకటి పెట్టచ్చు, అందరూ పెడతారు, ఖాళీ వదిలితే రెండు దెబ్బలని ఒళ్ళే గుర్తు చేస్తోంది. పెట్టలేదు. ఆ గడుల్ని అలా తెల్లగా ఉంచింది. టీచరు వరసల మధ్య తిరుగుతూ ఈసారి కుడి పక్కనించి వచ్చింది, కిటికీకీ బల్లకీ మధ్య సందులోంచి ఇరుక్కుంటూ. మాట్లాడకూడదు. తన ఎడమచెవిని వేలితో తాకి, కనుబొమ్మలెత్తి అడిగింది. ఇదేనా? ఏడు నెలలుగా ఏ మనిషికీ చెప్పనిది, అమ్మకీ, స్నేహితురాళ్ళకీ చెప్పనిది, బోరమ్ తల ఊపి చెప్పేసింది. పెదవి వాచిన మొహంతో ఆవిడ కాసేపు అక్కడే ఉంది. కుడి పక్కనే. ఇరుకైనా కుడి పక్కనే. అప్పుడు లోపల ఏదో కదిలింది, మెల్లగా, ఇరుక్కున్న మేకు ఊడుతున్నట్టు. కుడి పక్క. పొద్దున మురుగుకాలవ అంచు మీద సగం చెప్పు. అన్నం దగ్గర నాన్న జాగా మార్చుకున్నాడు, కిటికీ గాలి కొడుతోందని, ఎప్పుడు, జులైలోనా, అప్పటినించీ ఆయన గిన్నె ఆమె కుడి మోచేతి దగ్గరే. బస్సులో ఎడమ సీటు ఖాళీగా ఉన్నా దాటి అటు పోయి కూర్చున్నాడు. పిలవాలంటే చుట్టూ తిరిగి వచ్చి పిలిచేవాడు, ఒకసారి దండెం మీద ఆరేసిన బట్టల కింద నించి దూరి వచ్చాడు, అమ్మ తిట్టింది. నాన్నకి తెలుసు. ఎప్పటినించో తెలుసు. గడియారం టిక్కుటిక్కు వినపడుతోందని ఆమె చెబుతుంటే, సరేనమ్మా, సరే, అంటూ గడియారం ఉన్న గోడకేసి చూసేవాడు, ఆ గడియారం అప్పటికి ఆగిపోయి ఉందేమో, అదీ అనలేదు. ఆమె నాన్నని కాపాడుతోంది, నాన్న ఆమె కాపాడ్డాన్ని కాపాడుతున్నాడు. ఇద్దరూ కలిసి ఆ బెజ్జాన్ని మైనంతో మూసుకుంటూ వచ్చారు. ప్రశ్నపత్రం మీద అక్షరాలు చెదిరాయి. తుడుచుకుని చదివింది, రాసింది, కొండ వెనక మొదటి విమానం లేచింది, కుడిచెవిలో లేచింది, కప్పు అదిరింది.

ఆ తర్వాత గంట, ఆ తర్వాత పరీక్ష, ఆ తర్వాత తలుపులు తీయడం, అన్నీ ఒకదాని మీద ఒకటి పడిపోతూ ఆమెని గేటు దాకా తోసుకొచ్చాయి. పొద్దు గుంకుతోంది. ఊచకి అమ్మ అంటించిన జీడి చలికి రాయై ఉంది. తల్లులు, ఫ్లాస్కులు, ఏడుపులు, ఫోన్లు. తాక్ మాస్టారు గొంతు ముందే వినపడింది, చంకలో కర్రతో పిల్లల మధ్య తిరుగుతూ, "ఎన్ని పోయినయ్? నీకెన్ని పోయినయ్రా?" మాన్‌సిక్ భుజం చరిచాడు. అమ్మ ఫ్లాస్కు మూత తిప్పుతోంది. నాన్న అమ్మ వెనకగా చుట్టూ తిరిగి ఆమె కుడి పక్కకి వచ్చి నిలబడ్డాడు. ఈసారి ఆమె చూసింది ఆయన అలా రావడం. ఆమె చూసిందని ఆయన చూశాడు. ఎడమ పక్కన ఎవరు వచ్చారో ఆమెకి తెలియలేదు, కోటు అంచు మాత్రం కనపడింది, దాని వెనక నెత్తి నిమరడానికి లేస్తున్న అరచెయ్యి. మోచెయ్యి మళ్ళీ లేవబోయింది. లేవక్కర్లేకపోయింది. చెయ్యి గాల్లోనే ఆగింది. నాన్న వేళ్ళు ఆ మణికట్టు చుట్టూ మూసుకున్నాయి.

"ఆ పక్కనించి కాదు మాస్టారూ."

"ఏంటి ఓక్ గారూ," తాక్ మాస్టారు నవ్వాడు, "మీ పిల్ల ఇవాళ మన ఊరి పేరు..." నవ్వు సగంలో ఆగింది. చంకలోంచి కర్ర జారింది. సిమెంటు మీద పడి మోగింది, ఎగిరింది, పొర్లుకుంటూ పోయి కాలవలో పడింది. విరగలేదు.

"ఆ చెవి వినపడదు. మీకు చెప్పలేదు కదూ."

"వదులంటున్నా." గొంతు మారింది. చుట్టూ తల్లులు మాట్లాడ్డం మానేశారు. "వదులు, చెయ్యి విరుగుద్ది."

"ఏది ఎంతలో విరుగుద్దో నాకు తెలుసు మాస్టారూ. నా వృత్తే అది."

అమ్మ, ఏవయ్యా, ఏవయ్యా, అంటోంది, నాన్న వినట్లేదు. మణికట్టు వదలకుండానే వంగి, కూతురి కుడిచెవి దగ్గరికి మొహం తెచ్చాడు. పొట్టు వాసన, చలికి పగిలిన పెదవులు.

"ఎన్ని పోయినాయమ్మా?"

ఏమీ పోలేదు నాన్నా అనచ్చు. బాగా వినపడింది నాన్నా అనచ్చు, ఏడు నెలలుగా అన్నట్టే. తాక్ మాస్టారు ఆమెకేసి చూస్తున్నాడు, మొహం గంజిలా తెల్లబడింది. టేపులు అరిగేదాకా వినిపించిన మనిషి, వద్దని చెప్పమని ఆమెనే అడుగుతున్నట్టున్నాడు.

"ఒకటి," అంది బోరమ్.

నాన్న తల ఊపాడు. ఇనప దవడల పిడి తిప్పేటప్పుడు భుజం ఎలా దించుతాడో అలా దించి, ఆ మణికట్టుని సగం చుట్టు తిప్పాడు. ఎండిన కర్ర విరిగినట్టు చిన్న చప్పుడు. కుడిచెవిలో చాలా స్పష్టంగా వినపడింది. ఎడమచెవిలో ఈల మాత్రం అలాగే ఉంది.